కాలు తీస్తారా, ఉంచుతారా? ఎముక క్యాన్సర్‌ చికిత్సలో ఏది ముందు, ఏది తర్వాత

మోకాలి పక్కన తగ్గని వాపు, ఎక్స్‌రేలో ఏదో తేడా, "విశాఖ తీసుకెళ్ళండి" అని డాక్టరు రాసిచ్చిన చీటీ. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక ఇంట్లో ఎముక క్యాన్సర్‌ గురించి మొదట తెలిసేది ఇలాగే. ఆ చీటీ చేతిలో పడగానే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఒకటే: "కాలు తీసేస్తారా?"

ఈ భయంతో కొందరు అసలు పెద్దాసుపత్రి గడప తొక్కరు. ఇంకొందరిది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన టెన్షన్‌. గడ్డ ఉందని తేలిపోయాక కూడా ఆపరేషన్‌ చెయ్యకుండా రెండు మూడు నెలలు మందులు (కీమో) ఎక్కిస్తామంటున్నారేమిటి, ఈలోగా ముదిరిపోదా అని. ఈ రెండు భయాలకూ సమాధానం ఒకే చోట ఉంది. ఎముక క్యాన్సర్‌ చికిత్సలో కత్తి ఎంత ముఖ్యమో, కత్తికి ముందూ వెనకా జరిగేవాటి వరస అంతకన్నా ముఖ్యం. కాలు నిలుస్తుందా లేదా అన్నది చాలాసార్లు ఆపరేషన్‌ బల్ల మీద కాకుండా, అంతకు చాలా ముందే తేలిపోతుంది.

ఎముకలో పుట్టినదా, ఎముకకు పాకినదా

"ఎముక క్యాన్సర్‌" అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది ఎముకలోనే పుట్టేది. ఇది అరుదు. మొత్తం క్యాన్సర్లలో నూటికి ఒకటి కూడా ఉండదు. రెండోది వేరే చోట పుట్టి ఎముకకు చేరేది. రొమ్ము, ప్రోస్టేట్‌, ఊపిరితిత్తి, కిడ్నీ, థైరాయిడ్‌ క్యాన్సర్లకు ఈ గుణం ఎక్కువ. పెద్ద వయసు వారిలో ఎముకలో గడ్డ కనిపిస్తే రెండో రకాన్నే ముందుగా అనుమానిస్తారు.

ఈ తేడా తెలియక చాలామంది అనవసరంగా పోల్చుకుంటారు. పక్క వీధిలో అరవై ఏళ్ళ ఆయనకు "ఎముక క్యాన్సరే" వస్తే ఆపరేషన్‌ లేకుండా కరెంటు (రేడియేషన్‌) పెట్టి పంపారు, మా అబ్బాయికి మాత్రం ఎముక తీసేస్తామంటున్నారు అని వాపోతారు. ఆయనది ప్రోస్టేట్‌ నుంచి వెన్నుకు పాకిన జబ్బు కావచ్చు. ఈ అబ్బాయిది తొడ ఎముకలోనే పుట్టినది. ఆయన జబ్బులో నొప్పి తగ్గించడం, ఎముక విరక్కుండా చూడడం లక్ష్యం. ఈ అబ్బాయి జబ్బులో దాన్ని వేళ్ళతో సహా తీసెయ్యడం లక్ష్యం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఇలా ఎముకలోనే పుట్టే జబ్బు గురించే.

ఎముకలో పుట్టేవాటిలో ముఖ్యమైనవి మూడు. ఆస్టియోసార్కోమా పదేళ్ళ నుంచి ఇరవై అయిదేళ్ళ లోపు, ఒళ్ళు వేగంగా ఎదిగే వయసులో ఎక్కువ. మోకాలికి పైన, మోకాలికి కింద, ఆ తర్వాత భుజం దగ్గర వస్తుంది. యూయింగ్‌ సార్కోమా కూడా పిల్లలదీ కుర్రవాళ్ళదే, కానీ కటి ఎముకల్లో, పక్కటెముకల్లో, పొడవాటి ఎముకల నడిమి భాగంలో కూడా వస్తుంది. కాండ్రోసార్కోమా మధ్యవయసు దాటినవాళ్ళలో ఎక్కువ. జెయింట్‌ సెల్‌ ట్యూమర్‌ అనేది మరొకటి ఉంది. అది ఎముకను తినేస్తుంది కానీ క్యాన్సర్‌ కాదు. చాలావరకు గడ్డను గీకి తీసి, ఆ ఖాళీలో ఎముక సిమెంటు నింపితే సరిపోతుంది.

కబడ్డీ ఆడే కుర్రాడికి మోకాలు నొప్పి అంటే ఎవరైనా ఆటలో దెబ్బ అనే అనుకుంటారు. "గుంటడు ఎదుగుతున్నాడు కదా, ఎదుగుడు నొప్పులే" అంటారు. నెల రోజులు పసరు కట్టు, నూనె మర్దన. దెబ్బ వల్ల క్యాన్సర్‌ రాదు. దెబ్బ తగిలినప్పుడు అక్కడ అప్పటికే ఉన్నది బయటపడుతుంది, అంతే. దెబ్బ నొప్పి రోజురోజుకీ తగ్గుతుంది. ఈ నొప్పి వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది, ఆట మానేసినా పోదు, రాత్రి పడుకున్నాక సలుపుతుంది. ఆ తేడాను పట్టించే మొదటి పరీక్ష చాలా మామూలుది, ఏరియా ఆసుపత్రిలోనూ దొరికేది: ఒక ఎక్స్‌రే.

ముక్క పరీక్ష ఎక్కడన్నది ఎందుకంత పెద్ద విషయం

ఎక్స్‌రే అనుమానం మాత్రమే ఇస్తుంది. ఎముక మొత్తానికి ఎంఆర్‌ఐ తీస్తే గడ్డ ఎంతవరకు పాకిందో, రక్తనాళాలకూ నరాలకూ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఛాతీకి సీటీ, ఒంటికంతటికీ బోన్‌ స్కాన్‌ లేదా పెట్‌ సీటీ తీస్తే వేరే చోట్లకు చేరిందో లేదో తెలుస్తుంది. జబ్బు పేరు ఖాయం చేసేది మాత్రం బయాప్సీ, మనవాళ్ళు ముక్క పరీక్ష అనేది.

సూది గుచ్చితే క్యాన్సర్‌ పాకిపోతుందన్న భయం మనలో బాగా ఉంది. బయాప్సీ లేకుండా ఏ మందు ఇవ్వాలో తెలియదు కాబట్టి అది తప్పనిసరి. సరిగా చేసిన బయాప్సీ వల్ల బతికే అవకాశం తగ్గదు. కానీ ఆ భయంలో ఒక నిజం దాగి ఉంది. సూది వెళ్ళిన దారి పొడవునా క్యాన్సర్‌ కణాలు మిగిలే వీలుంది. అందుకే తర్వాత ఆపరేషన్‌లో గడ్డతో పాటు ఆ సూది దారిని, చర్మం మీద దాని మచ్చను కూడా కలిపి తీసేస్తారు. అంటే రేపు ఎక్కడ కోత పెడతారో ఇవాళ ఆ గీత మీదే సూది గుచ్చాలి.

మోకాలి పైన గడ్డ ఉన్న పదిహేనేళ్ళ అబ్బాయిని తీసుకుందాం. ఎముక క్యాన్సర్లు చూసే సర్జన్‌ ఎంఆర్‌ఐ ముందు పెట్టుకుని, తొడ లోపలి పక్క, రేపటి కోత గీత మీద, సన్నటి సూదితో ముక్క తీస్తాడు. మచ్చ మిరియపు గింజంత. అదే ఇంకో చోట, చీముగడ్డ అనుకుని కాలికి అడ్డంగా కోసి, లోపల గోకి, కుట్లు వేశారనుకోండి. రక్తంతో పాటు కణాలు కండరాల మధ్యకు చేరిపోతాయి. ఇప్పుడు ఆ అడ్డకోత చుట్టూ ఉన్నదంతా తీయాలి. మొదటి అబ్బాయికి నిలిచే కాలు రెండో అబ్బాయికి నిలవకపోవచ్చు. గడ్డ ఒకటే, తేడా వచ్చింది ఆ మొదటి కోత దగ్గర. అందుకే బయాప్సీ కూడా రేపు ఆపరేషన్‌ చేసే చోటే జరగాలని ఎముక క్యాన్సర్‌ వైద్యులు పట్టుబడతారు. "ఇంత చిన్న పరీక్షకు విశాఖ దాకానా" అని మనకు అనిపించడం సహజం. ఈ జబ్బులో చిన్న పరీక్ష అంటూ ఏదీ లేదు.

ఆపరేషన్‌ కన్నా ముందు కీమో ఎందుకు

1970ల దాకా ఆస్టియోసార్కోమాకు కాలు తీసెయ్యడమే చికిత్స. కాలు పూర్తిగా తీసేసినా అయిదుగురిలో నలుగురు బతికేవారు కాదు. కారణం, జబ్బు బయటపడే నాటికే కంటికి, స్కానింగుకు అందని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉండడం. కాలు తీస్తే కాలిలోది పోతుంది, ఊపిరితిత్తుల్లోది పెరుగుతుంది. 1986లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం దీన్ని తేల్చి చెప్పింది. ఆపరేషన్‌ తర్వాత కీమో తీసుకున్నవారిలో రెండేళ్ళకు 66 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు. ఆపరేషన్‌తోనే ఆపినవారిలో అది 17 శాతమే. ఇప్పుడు జబ్బు వేరే చోటుకు పాకకముందు వచ్చినవారిలో, పూర్తి చికిత్స జరిగితే, నూటికి అరవై డెబ్బై మంది నిలబడుతున్నారు.

సరే, కీమో అవసరమే. ఆపరేషన్‌కు ముందే ఎందుకు? దీని వెనక ఒక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. 1970లలో న్యూయార్క్‌లో కాలు తీయకుండా ఎముక స్థానంలో లోహపు ఎముక పెట్టడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరి కొలతలకు దాన్ని తయారు చేయించడానికి రెండు మూడు నెలలు పట్టేది. అన్నాళ్ళు ఊరికే ఉండడం ఎందుకని కీమో మొదలుపెట్టారు. తీరా చూస్తే గడ్డ గట్టిపడి, చుట్టూ వాపు తగ్గి, ఆపరేషన్‌ తేలికయింది. తీసిన ఎముకను మైక్రోస్కోపు కింద చూస్తే మందు ఎంత పనిచేసిందో కూడా తెలిసింది. నూటికి తొంభై వంతులు, అంతకు మించి కణాలు చచ్చి ఉంటే మంచి సూచన.

ముందు కీమో ఇస్తే ఎక్కువమంది బతుకుతారా అన్నదానికి మాత్రం జవాబు "కాదు" అనే. వెంటనే ఆపరేషన్‌ చేసి తర్వాత కీమో ఇచ్చినవారినీ, ముందు కీమో ఇచ్చినవారినీ పోల్చి 2003లో వచ్చిన అధ్యయనంలో బతుకు విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. "ఈలోగా ముదిరిపోదా" అని అడిగే తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట. ఆ పది వారాలు వృథా అయిన రోజులు కావు. ఊపిరితిత్తుల్లోని కంటికి కనపడని కణాల మీద పోరు అప్పటికే మొదలైపోయింది.

మందు సరిగా పనిచేయలేదని తేలితే మందు మార్చవచ్చు కదా అనిపిస్తుంది. వైద్యులూ అలాగే ఆశించారు. 17 దేశాలు కలిసి చేసిన యూరామోస్‌ అధ్యయనంలో, తక్కువ స్పందన ఉన్నవారికి అదనపు మందులు చేర్చి చూశారు. ఫలితం మెరుగుపడలేదు, ఇబ్బందులు మాత్రం పెరిగాయి. అందుకే స్పందన తక్కువగా ఉన్నా చాలాచోట్ల మొదలుపెట్టిన మందులనే పూర్తి చేస్తారు. దాన్ని నిర్లక్ష్యమనుకోనక్కర్లేదు.

పై అబ్బాయి లెక్కే వేసుకుంటే: పరీక్షలకు రెండు మూడు వారాలు, కీమో పది వారాలు, ఆపరేషన్‌, గాయం మానడానికి రెండు మూడు వారాలు, మళ్ళీ నాలుగు నెలలకు పైగా కీమో. మొత్తం ఎనిమిది తొమ్మిది నెలలు. ఒక చదువు సంవత్సరం పోతుంది. ఆపరేషన్‌ అయిపోయి గడ్డ కనపడకుండా పోయాక, జుట్టు రాలిపోయిన కొడుకుని చూడలేక మిగతా కీమో మానిపించే ఇళ్ళున్నాయి. ఆ తల్లిదండ్రుల బాధ అర్థమవుతుంది. కానీ 1986 లెక్క చెప్పింది సరిగ్గా ఆ కీమో విలువనే.

ఉద్దానంలో అదనంగా చూసుకోవాల్సిన లెక్క

ఆస్టియోసార్కోమాకు ప్రపంచంలో ఎక్కువగా వాడే మందులు మూడు: అధిక మోతాదు మెథోట్రెక్సేట్‌, డాక్సోరూబిసిన్‌, సిస్‌ప్లాటిన్‌. వీటిలో మెథోట్రెక్సేట్‌ పసుపు రంగు సెలైన్‌లా నాలుగు గంటల్లో ఎక్కుతుంది. ఆ మోతాదు అలాగే వదిలేస్తే ప్రాణం తీస్తుంది. అందుకే మరునాటి నుంచి ల్యూకోవోరిన్‌ అనే విరుగుడు ఇస్తారు. మూత్రం క్షార గుణంలో ఉండేలా సోడా బైకార్బొనేట్‌ కలిపిన సెలైన్‌ పెడతారు. రోజూ రక్తంలో మందు ఎంత మిగిలిందో చూస్తారు. ఆ మందును బయటికి పంపే పని కిడ్నీలదే. సిస్‌ప్లాటిన్‌ కూడా కిడ్నీల మీదే భారం వేస్తుంది.

కిడ్నీ జబ్బు బాగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఈ మాట చెబితే ఎవరికీ వివరించనక్కర్లేదు. "క్రియాటినిన్‌ ఎంతుంది?" అని కిడ్నీల రక్త పరీక్ష లెక్క అడగడం అక్కడ పలకరింపులో భాగమైపోయింది. ఉద్దానం కిడ్నీ జబ్బు ఎక్కువగా పెద్దవాళ్ళదే, ఎముక క్యాన్సర్‌ ఎక్కువగా పిల్లలది. అయినా ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్న సంగతి, నొప్పికని నెలల తరబడి మందుల షాపులో కొని మింగిన మాత్రల సంగతి డాక్టరుకు తెలియాలి. నొప్పి మాత్రల్లో చాలావాటికి కిడ్నీలను దెబ్బతీసే గుణముంది. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే అవి మరీ ప్రమాదం.

మెథోట్రెక్సేట్‌ తప్పనిసరా అన్నదాని మీద వైద్యుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. అధ్యయనాల బలం ఉన్నది ఆ మూడు మందుల కలయికకే అంటారు ఒక పక్షం. రక్తంలో మందు కొలిచే ఏర్పాటు, అన్ని రోజుల ఆసుపత్రి మంచం ప్రతిచోటా దొరకని మన దేశంలో అది లేకుండా ఇఫోస్ఫమైడ్‌ చేర్చి ఇచ్చినా మంచి ఫలితాలు వస్తున్నాయంటుంది రెండో పక్షం. ముంబయిలోని టాటా మెమోరియల్‌ వైద్యులు ఇలాంటి పద్ధతి ఫలితాలను ప్రచురించారు కూడా. ఇద్దరి మాటలోనూ పస ఉంది. ఒకే జబ్బుకు రెండు ఆసుపత్రుల్లో రెండు చీటీలు రావడానికి కారణం ఇదే.

ఇంకొకటి. ఈ మందుల వల్ల పిల్లలు పుట్టే శక్తి దెబ్బతినవచ్చు. కుర్రవాళ్ళ విషయంలో మొదటి కీమోకు ముందే వీర్యాన్ని భద్రపరిచే వీలుంది. మొహమాటం వల్ల మన ఇళ్ళలో ఈ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తేసరికి ఆలస్యమైపోతుంది.

కాలు ఉంచడం, కాలు తీయడం: రెండింటినీ తూచితే

సర్జన్‌ గడ్డను నేరుగా తాకడు. ఉద్దానం కొబ్బరికాయను పీచు వలవకుండా ఎలా ఉన్నది అలా తీసినట్టు, గడ్డను దాని చుట్టూ ఉన్న మంచి కండ పొరతో సహా ఒకే ముక్కగా బయటికి తెస్తాడు. ఆ మంచి పొరనే మార్జిన్‌ అంటారు. పెద్ద రక్తనాళం, ముఖ్యమైన నరం వదిలి, మార్జిన్‌ దొరికేలా ఎముకను తీయగలిగితే కాలు ఉంచవచ్చు. ఇప్పుడు పెద్ద కేంద్రాల్లో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఇది కుదురుతోంది.

కాలు ఉంచితే జబ్బు మిగిలిపోతుందేమో, తీసేస్తే పీడ వదిలిపోతుంది కదా అని పెద్దవాళ్ళు అంటారు. ఈ ప్రశ్నను వైద్యులు ఎప్పుడో వేసుకున్నారు. మోకాలి పైన ఆస్టియోసార్కోమా వచ్చిన 227 మందిని పోల్చి 1986లోనే ఒక అధ్యయనం వచ్చింది. కాలు ఉంచినవారూ తీసినవారూ బతికిన కాలంలో తేడా లేదు. గడ్డ అదే చోట తిరిగి వచ్చే అవకాశం కాలు ఉంచినప్పుడు కొంచెం ఎక్కువే. ఈ రెండు నిజాలనూ కలిపి చూడాలి.

కాలు తీయడమే మేలయిన సందర్భాలూ ఉన్నాయి. గడ్డ రక్తనాళాన్నీ నరాన్నీ చుట్టేసినప్పుడు, చర్మం చీల్చుకుని పుండుపడినప్పుడు, కీమో ఇస్తుండగానే పెరిగినప్పుడు, తప్పు బయాప్సీతో కండరాలన్నీ కలుషితమైనప్పుడు. ఎముక విరిగితే కాలు తీసెయ్యాల్సిందే అనే మాట ఒకప్పటిది. ఇప్పుడు విరిగినా కీమోతో అతుక్కుంటే చాలామందికి కాలు నిలుస్తోంది.

ఉంచిన కాలు ఎప్పటికీ సుఖంగా ఉంటుందనుకోవడమూ సరికాదు. లోహపు ఎముకకు ఇన్ఫెక్షన్‌ రావచ్చు, వదులు కావచ్చు, పదిహేను ఇరవై ఏళ్ళలో మళ్ళీ ఆపరేషన్‌ పడవచ్చు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం, పరుగు, బరువు మోయడం కష్టం. వరి మడిలో దిగి నాట్లు వేసే మనిషికీ, కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికీ ఇది ఒకే లెక్క కాదు. కాలు తీసినవారికి ఒకే ఆపరేషన్‌తో ఆ దశ దాటిపోతుంది. జైపూర్‌ కాలు పెట్టుకుని పొలం గట్టు మీద నడవగలరు. కానీ లేని పాదంలో నొప్పి వేధించవచ్చు. నలుగురి చూపులు భరించాలి. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి అంతటి మల్లుడికే కాలి మీద రాచపుండు లేచి కాలు తీయించుకోవాల్సి వచ్చిందనీ, మత్తు లేకుండానే కోయించుకున్నాడనీ మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనది ఈ జబ్బేనని చెప్పలేం. ఇప్పుడు ఎవరూ మత్తు లేకుండా ఓర్చుకోనక్కర్లేదు.

తీసిన ఎముక స్థానంలో ఏం పెడతారు

ఎక్కువగా పెట్టేది మెగా ప్రొస్థెసిస్‌, అంటే కీలుతో సహా ఉండే పెద్ద లోహపు ఎముక. కొద్ది రోజుల్లోనే నడిపిస్తారు. గడ్డ కీలుకు దూరంగా, ఎముక నడుమ ఉంటే, కింది కాలిలోని సన్నటి ఫిబ్యులా ఎముకను రక్తనాళంతో సహా తెచ్చి అతికించే పద్ధతి ఉంది. అది మెల్లగా లావెక్కి బరువు మోస్తుంది.

మన దేశంలో ఖర్చు తక్కువని బాగా వాడే ఇంకో పద్ధతి చూడముచ్చటైనది. గడ్డ ఉన్న ఎముకను తీసి, గడ్డనూ కండనూ శుభ్రంగా గీకేసి, స్టెరిలైజ్‌ చేసిన సంచుల్లో చుట్టి రేడియేషన్‌ గదికి తీసుకెళ్తారు. మనిషి ఆపరేషన్‌ బల్ల మీదే ఉంటాడు. ఆ ఎముకకు ఒక్కసారే ఏభై గ్రే (గ్రే అంటే రేడియేషన్‌ కొలత) మోతాదు ఇస్తారు. అందులో బతికున్న కణమంటూ మిగలదు. వెనక్కి తెచ్చి అదే చోట ప్లేట్లతో బిగిస్తారు. సొంత ఎముక కాబట్టి కొలత అచ్చంగా సరిపోతుంది. అతుక్కోవడానికి మాత్రం నెలలు పడుతుంది, ఈలోగా విరిగే భయమూ ఉంటుంది. ఎముక గట్టితనం మిగలని చోట ఈ పద్ధతి పనికిరాదు.

ఎదిగే పిల్లలది వేరే లెక్క

తొడ ఎముక కింది చివరన ఉన్న ఎదుగుదల పొర ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెంచుతుంది. ఆడపిల్లల్లో పద్నాలుగేళ్ళకు, మగపిల్లల్లో పదహారేళ్ళకు ఇంచుమించుగా ఎదుగుదల ఆగుతుంది. పదమూడేళ్ళ అమ్మాయికి ఆ భాగం తీస్తే ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. చెప్పులో సర్దుకోవచ్చు. ఎనిమిదేళ్ళ అబ్బాయికి అదే భాగం తీస్తే పదహారేళ్ళ నాటికి ఎనిమిది సెంటీమీటర్లు పొట్టి. అలాంటి వారికి పొడవు పెంచగలిగే ప్రొస్థెసిస్‌ ఉంది. కొన్నింటిని కోత లేకుండా, బయటి నుంచి అయస్కాంతంతో పెంచుతారు. వాటి ధర చాలా ఎక్కువ.

రొటేషన్‌ప్లాస్టీ అనే పద్ధతి మొదటిసారి చూసినవారికి దిగులు పుట్టిస్తుంది. మోకాలి భాగాన్ని తీసేసి, కింది కాలిని నూట ఎనభై డిగ్రీలు తిప్పి తొడకు అతికిస్తారు. పాదం వెనక్కి తిరిగి ఉంటుంది, చీలమండ మోకాలి పని చేస్తుంది. దానికి కృత్రిమ కాలు తొడిగితే పిల్లవాడు పరుగెత్తగలడు, ఆడుకోగలడు. సొంత కీలు కాబట్టి అరిగిపోయే యంత్రం ఏదీ లోపల లేదు. నా దృష్టిలో పనితనంలో దీనికి సాటి తక్కువ. కానీ ఆ రూపంతో జీవితాంతం బతికేది ఆ పిల్లవాడు. పెళ్ళి సంబంధాల దాకా ఆలోచించే మన సమాజంలో తల్లిదండ్రులు వెనుకాడితే తప్పు పట్టలేం.

రేడియేషన్‌ ఎవరికి, కత్తి ఒక్కటే ఎవరికి

యూయింగ్‌ సార్కోమా కీమోకూ రేడియేషన్‌కూ బాగా లొంగుతుంది. కాబట్టి కటిలోనో వెన్నులోనో ఉండి ఆపరేషన్‌ చేస్తే నష్టం ఎక్కువ అనుకున్నప్పుడు రేడియేషన్‌తోనే చికిత్స చేయవచ్చు. తేలికగా తీయగలిగిన చోట ఆపరేషన్‌కే మొగ్గు చూపుతారు. రేడియేషన్‌ వల్ల పిల్లల ఎముక ఎదుగుదల ఆగవచ్చు, చాలా ఏళ్ళకు అదే చోట మరో క్యాన్సర్‌ పుట్టే కొద్దిపాటి ప్రమాదమూ ఉంది. ఆస్టియోసార్కోమా రేడియేషన్‌కు అంతగా లొంగదు. కాండ్రోసార్కోమాలో చాలా రకాలకు కీమో, రేడియేషన్‌ రెండూ పెద్దగా పనిచేయవు. వారికి "ఆపరేషన్‌ ఒక్కటే, మందులేవీ లేవు" అంటే వదిలేశారని కాదు.

వేరే చోటి నుంచి పాకినదైతే, నొప్పి ఉన్న ఎముకకు ఒకే ఒక్కసారి ఎనిమిది గ్రే రేడియేషన్‌ ఇచ్చినా చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. తొడ ఎముక విరిగేలా ఉంటే ముందే రాడ్‌ వేస్తారు.

ఆస్టియోసార్కోమా ఊపిరితిత్తులకు చేరాక వచ్చినా ఆశ పూర్తిగా పోదు. గడ్డలు కొన్నే ఉండి, అన్నింటినీ తీయగలిగితే ఛాతీ ఆపరేషన్‌ చేస్తారు. అలా నిలబడినవారు ఉన్నారు. అవకాశం తగ్గుతుందన్నది నిజం, నూటికి ఇరవై ముప్ఫై మంది.

మన జిల్లాల నుంచి ఎక్కడికి, ఎన్నాళ్ళు

ఈ చికిత్సకు ఎముకల సర్జన్‌, కీమో డాక్టరు, రేడియేషన్‌ డాక్టరు, ముక్క పరీక్ష చదివే పాథాలజిస్టు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. మనకు దగ్గరగా అలాంటిది విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్‌ సెంటర్‌ నడిపే హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి. విశాఖలో వేరే క్యాన్సర్‌ ఆసుపత్రులూ ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్‌ వైద్య సేవ పేరుతో నడుస్తోంది, క్యాన్సర్‌ చికిత్సలు అందులో ఉన్నాయి. రోగికి, తోడు వెళ్ళేవారికి రైలు టికెట్‌లో రాయితీ ఉంది. కానీ ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైనే. కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చిన పిల్లవాడికి వారం పది రోజులకు తెల్లకణాలు పడిపోయి జ్వరం వస్తే అది గంటల్లో చూడాల్సిన సంగతి. అందుకే విశాఖలో గది తీసుకుని ఉండిపోయే కుటుంబాలున్నాయి. కూలి పోతుంది, ఇంట్లో మిగతా పిల్లల చదువు చెదురుతుంది. పథకం చీటీలో కనపడని ఖర్చు ఇదే.

చికిత్స ముగిశాక మొదటి రెండేళ్ళు ఇంచుమించు మూడు నెలలకోసారి ఛాతీ ఫొటోనో సీటీనో తీస్తారు. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం ఆ కాలంలోనే, ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే బయటపడతాయి. ఆ తర్వాత ఎడం పెరుగుతుంది. డాక్సోరూబిసిన్‌ గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు కాబట్టి అప్పుడప్పుడు ఎకో తీస్తారు, సిస్‌ప్లాటిన్‌ వల్ల వినికిడి తగ్గిందేమో చూస్తారు. లోపల లోహం ఉన్నవారికి పన్ను పీకించుకున్నా, కాలి మీద చిన్న కురుపు లేచినా ఇన్ఫెక్షన్‌ అటు పాకే వీలుంది కాబట్టి, ఆ సంగతి ప్రతి డాక్టరుకూ చెప్పుకోవాల్సి ఉంటుంది.